పాత రాగి నాణేలు దొరికితే: గుర్తించడం నుంచి వెల కట్టడం దాకా వరసగా

ఇనప్పెట్టె అడుగునో, దేవుడి అరలోనో, పాత సొరకాయబుర్రలోనో గుప్పెడు రాగి డబ్బులు దొరుకుతాయి. వెంటనే వచ్చే ప్రశ్న "వీటికి ఎంతొస్తుంది?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి పదే పదే అడుగుతున్నది ఇదే. కానీ ధర చివర తేలే విషయం. అది ఏ నాణెమో ముందు తెలియాలి, తర్వాత అసలుదో కాదో తేలాలి, ఆపైన ఎంత అరిగిందో చూడాలి. ఈ మూడూ తేలకుండా ఎవరైనా ధర చెబితే ఆ మాటకు విలువ లేదు, అది పది రూపాయలైనా పది లక్షలైనా.

కింది అంచెలను అదే వరసలో పాటించండి. మొదటిది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటవేయకండి.

1. ముందు చేయకూడని పని: తోమడం

చింతపండు, నిమ్మకాయ, బూడిద, పీతాంబరి, ఇత్తడి పాలిష్. వీటిలో ఏదీ నాణెం దగ్గరికి రానివ్వకండి. రాగి చెంబు తళతళలాడితే అందం. రాగి నాణెం తళతళలాడితే దాని ధర పోయినట్టే.

కారణం ఇది. ఏళ్ల తరబడి గాలి తగిలి రాగి మీద గోధుమ, నలుపు లేదా ముదురు ఆకుపచ్చ పొర ఏర్పడుతుంది. అది గట్టిగా, నున్నగా ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. పులుపు ఆ పొరను కరిగించేస్తుంది, పొడి గీతలు పెడుతుంది. కింద బయటపడే గులాబీ రంగు రాగిని చూడగానే కొనేవాడికి విషయం అర్థమవుతుంది. పోయిన పొరను తిరిగి తెప్పించే మార్గం లేదు. గంధకం రాసి నల్లబరిచినా పదిరెట్ల భూతద్దం కింద తెలిసిపోతుంది.

ఇప్పటికే తోమేసి ఉంటే ఇంకేమీ చేయకండి. పొడి గుడ్డలో పెట్టి పక్కన ఉంచండి. అమ్మేటప్పుడు తోమిన సంగతి చెప్పండి.

2. సరంజామా

- 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు. వంటింటి త్రాసు ఒక గ్రాము తేడాను పట్టుకోలేదు, ఇక్కడ ఆ ఒక్క గ్రామే కీలకం. కొనడం ఇష్టం లేకపోతే తెలిసిన బంగారు కొట్టులో తూకం వేయించండి.
- వెర్నియర్ కాలిపర్. ప్లాస్టిక్‌దైతే మేలు, నాణెం అంచు గీసుకుపోదు.
- పదిరెట్ల భూతద్దం
- మామూలు అయస్కాంతం
- డిస్టిల్డ్ వాటర్ (ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే నీళ్లు చాలు, యాసిడ్ కలిపిన సీసా కాకుండా చూసుకోండి)
- వెదురు టూత్‌పిక్‌లు, మెత్తటి పాత బ్రష్, నూలు గుడ్డ, కుట్టుదారం
- నోటు పుస్తకం, పెన్సిలు, చిన్న కాగితపు కవర్లు

నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి. చెమట చేత్తో ముఖం మీద వేలు పెడితే కొన్ని వారాల్లో ఆ వేలిముద్ర రాగి మీద మచ్చగా తేలుతుంది. మన వేసవిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మంచం మీదో, పరుపు మీదో కూర్చుని చూడండి. గచ్చు మీద పడితే అంచు నొక్కుకుపోతుంది.

3. విడదీసి నంబర్లు వేయడం

అన్నిటినీ ఒక తెల్లగుడ్డ మీద పరచండి. అయస్కాంతం తగిలించి చూడండి. రాగి, కంచు, ఇత్తడి, సీసం అంటుకోవు. అంటుకున్నది ఇనుమే, లేదా ఇనుము మీద రాగిపూత. దాన్ని పక్కన పెట్టండి.

మిగిలినవాటిని మూడు కుప్పలు చేయండి: ఇంగ్లీషు అక్షరాలున్నవి, పారసీ లేదా ఉర్దూలా కనిపించే రాతలున్నవి, ఏ రాతా అర్థంకానివి లేదా బొమ్మలు మాత్రమే ఉన్నవి. ఒక్కో నాణేన్ని ఒక్కో కవరులో వేసి నంబరు రాయండి. కవరు మీద రాశాకే నాణెం లోపల పెట్టాలి. లోపల పెట్టాక పెన్సిలు నొక్కితే గీత నాణెం మీద పడుతుంది.

4. తూకం, కొలత

బొమ్మ కన్నా ముందు తూకమే నాణెం సంగతి చెబుతుంది. ఒక్కో నాణేన్ని మూడుసార్లు తూచి మధ్య అంకె రాసుకోండి. ఫ్యాను ఆపండి, గాలికే 0.03 గ్రాము కదులుతుంది.

కోస్తా ఇళ్లలో ఎక్కువగా దొరికేవాటి ప్రమాణాలు ఇవి:

- కాణీ (పావు అణా), రాగి, 1835 నుంచి 1906 వరకు: 6.48 గ్రా., సుమారు 25 మి.మీ.
- కాణీ, కంచు, 1906 నుంచి: 4.86 గ్రా., అదే వెడల్పు, పలుచన
- అర్ధణా, రాగి: 12.95 గ్రా., సుమారు 31 మి.మీ.
- అర కాణీ, రాగి: 3.24 గ్రా., సుమారు 21 మి.మీ.
- అణాలో పన్నెండో వంతు (దమ్మిడీ), రాగి: 2.16 గ్రా., సుమారు 17.5 మి.మీ.
- చిల్లి కాణీ, కంచు, 1943–47: సుమారు 2 గ్రా., 21.3 మి.మీ.
- మద్రాసు 20 కాసులు, 1803 మరియు 1808: సుమారు 9.3 గ్రా., 31 మి.మీ.
- మద్రాసు 10 కాసులు: సుమారు 4.65 గ్రా., 26 మి.మీ.
- నయా పైసా, కంచు, 1957–61: 1.5 గ్రా., 16 మి.మీ.

జేబుల్లో తిరిగి అరిగినవి ఈ అంకెల కన్నా కొంచెం తగ్గుతాయి. 6.48 ఉండాల్సిన కాణీ 6.2 తూగితే కంగారు అక్కర్లేదు. 5.3 తూగితే ఆలోచించాలి. ప్రమాణం కన్నా బరువు పెరగడం మాత్రం మట్టి, చిలుము గట్టిగా పేరుకుంటే తప్ప జరగదు. శుభ్రంగా కనిపించే కాణీ 7 గ్రాములు తూగితే అది నకిలీ అనుకునే ముందుకు సాగండి.

ఈ జాబితాలో తరచూ పొరబడేది 1906. ఆ ఒక్క ఏడాది ఏడవ ఎడ్వర్డ్ కాణీలు రాగిలోనూ వచ్చాయి, కంచులోనూ వచ్చాయి. బొమ్మ చూసి చెప్పడం కష్టం, తూకమే దారి.

5. నీటి తూకం: లోహం ఏదో తేల్చడం

రాగి అనుకున్నది సీసమో, ఇత్తడో, పూత వేసిన మరేదో అయితే ఇది పట్టిస్తుంది.

1. నాణేన్ని పొడిగా తూచండి. ఉదాహరణకు 6.41 గ్రాములు.
2. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి.
3. నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కీ గోడకీ తగలకూడదు.
4. ఇప్పుడు త్రాసు చూపే అంకె రాసుకోండి. ఉదాహరణకు 0.72.
5. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 6.41 ÷ 0.72 = 8.9.

స్వచ్ఛమైన రాగికి 8.96 రావాలి. కంచుకు సుమారు 8.8, ఇత్తడికి 8.4 నుంచి 8.7, సీసానికి 11.3, ఇనుముకు 7.9. అంటే ఈ పరీక్ష సీసాన్నీ ఇనుమునూ కచ్చితంగా పట్టిస్తుంది. కంచునూ మంచి ఇత్తడినీ విడదీయడం దీనితో కుదరదు, అక్కడ రంగూ రాతా చూసుకోవాల్సిందే.

అంకె తప్పు వస్తే: నాణెం మీద గాలిబుడగలు ఉంటే ఫలితం తక్కువ వస్తుంది. నీళ్లలో ముంచి దారాన్ని రెండుసార్లు తట్టండి. నాణెం అడుగుకు తగిలితే రెండో అంకె పెరిగిపోయి 3, 4 లాంటి అర్థంలేని ఫలితం వస్తుంది. రెండు గ్రాముల లోపు నాణేలకు ఈ పరీక్ష నమ్మదగింది కాదు, 0.01 గ్రాము తేడాకే ఫలితం మారిపోతుంది. దట్టమైన చిలుము ఉన్నవాటిని నీళ్లలో ముంచకుండా ముందు తొమ్మిదో అంచె చదవండి.

6. రాత, సంవత్సరం చదవడం

*ఇంగ్లీషు ఉంటే.* దాదాపు సగం పని అయిపోయినట్టే. "ఈస్ట్ ఇండియా కంపెనీ" అని ఉండి ఆకుల దండ మధ్యలో "వన్ క్వార్టర్ అణా" ఉంటే అది 1835, 1857 లేదా 1858. దండలో ఆకులు, కాయల లెక్క చూడండి. 1858 కాణీల్లో దండ పైకొనలో ఒక ఆకు ఉన్నవీ, రెండు ఆకులున్నవీ వేరువేరుగా సేకరిస్తారు.

రాణి బొమ్మ ఉంటే చుట్టూ రాత చూడండి. "విక్టోరియా క్వీన్" ఉంటే 1862–76, "విక్టోరియా ఎంప్రెస్" ఉంటే 1877–1901. కిరీటం లేకుండా కుడివైపు చూసే గడ్డపాయన ఏడవ ఎడ్వర్డ్. కిరీటంతో ఎడమవైపు చూసేవారు అయిదో, ఆరో జార్జిలు. 1911 నాటి అయిదో జార్జి నాణెం మీద ఆయన దుస్తులపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనపడుతోందని గొడవ రావడంతో మరుసటి ఏడాది ఆ బొమ్మ మార్చారు. అందుకే 1911 వేరే రకం. భూతద్దం పెట్టి కింది భాగం చూడండి.

చిల్లి కాణీ మన నుడికారంలోనే స్థిరపడింది. ప్రతి ఇంట్లోనూ నాలుగైనా దొరుకుతాయి కాబట్టి ధర తక్కువ. అయినా సంవత్సరం, కిరీటం ఆకారం, టంకశాల గుర్తు రాసుకోండి. కొన్ని కలయికలు మిగతావాటి కన్నా అరుదు.

*ఇంగ్లీషు, పారసీ రెండూ ఉంటే.* సింహాలు పట్టుకున్న డాలు, కింద లాటిన్ మాటలు, 1803 లేదా 1808, రెండో వైపు పారసీ రాత, ఇంగ్లీషు ఎక్స్ గుర్తులు ఉంటే అవి మద్రాసు కాసులు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో అచ్చయి ఓడల్లో వచ్చాయి. 1808 నాటివి మోసుకొస్తూ అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగింది. తర్వాత దాంట్లోంచి వేలకొద్దీ పైకి తీశారు. అందుకే 1808 నాణెం ఉప్పునీటికి గుల్లబారి మచ్చలతో ఉంటే అది ఓడ సరుకు కావచ్చు. వాడకంలో తిరిగినదాని లెక్కా దీని లెక్కా ఒకటి కాదు.

మన సర్కారు జిల్లాలకే ప్రత్యేకంగా వచ్చినవి 1794, 1797 నాటి రాగి నాణేలు. "రూపాయికి 48", "రూపాయికి 96" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పాత గుంటూరు, కృష్ణా కుటుంబాల్లో ఇవి దొరికితే ప్రత్యేకంగా చూడండి. చాలామంది కాణీల కుప్పలో కలిపి తూకానికి ఇచ్చేస్తారు.

*పారసీతోపాటు తెలుగు, తమిళం ఉంటే.* 1807, 1808 ప్రాంతపు మద్రాసు డబ్బులు. మన "డబ్బు" అనే మాట అప్పటి రాగి నాణెం పేరే. తెలుగు అక్షరాలు సగమే పడి ఉంటాయి, అచ్చుదిమ్మె కన్నా నాణెం చిన్నది కావడమే కారణం. పక్కవెలుతురులో తిప్పుతూ చూడండి.

*వి, ఓ, సి అక్షరాలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటే.* డచ్చి డ్యూట్. రెండో వైపు సింహం లేదా డాలు ఉంటుంది. 1605 నుంచి డచ్చివారు మచిలీపట్నంలో ఉన్నారు కాబట్టి కృష్ణాతీరంలో ఇవి దొరకడం వింత కాదు. వీటికి నకిలీలూ ఎక్కువే.

*పారసీ, ఉర్దూ రాత మాత్రమే ఉంటే.* అంకెలు చదవడం పది నిమిషాల పని. చుక్క సున్నా. నిలువు గీత ఒకటి. మన సున్నాలా వలయం ఉంటే అది అయిదు, ఇక్కడే అందరూ తప్పుతారు. ఇంగ్లీషు వి ఆకారం ఏడు, తలకిందులు వి ఎనిమిది. తొమ్మిది ఇంగ్లీషు తొమ్మిదినే పోలి ఉంటుంది.

వచ్చింది హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరమైతే 0.97తో హెచ్చవేసి 622 కలపండి. 1322 × 0.97 = 1282, దానికి 622 కలిపితే 1904. మధ్యలో తుగ్రా అనే అల్లిక రాత ఉన్న, నిజాం కాలపు "రెండు పై" నాణేలకు ఈ లెక్క సరిపోతుంది.

ఏనుగు బొమ్మ ఉన్న బరువైన పైసా దొరికితే టిప్పు సుల్తాన్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. వాటిలో చివరి ఏళ్ల నాణేలపై టిప్పు తెచ్చిన మౌలూదీ అనే సంవత్సరాల లెక్క ఉంటుంది, అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. హిజ్రీ సూత్రం అక్కడ పనికిరాదు. టంకశాల పేరు కూడా చదివించండి. ఫైజ్ హిసార్ అని ఉంటే అది మన గుత్తి.

*రాత లేకుండా లేదా బ్రాహ్మి లిపితో ఉంటే.* తొండమెత్తిన ఏనుగు, సింహం, గుర్రం, తెరచాప స్తంభాలున్న ఓడ, రెండో వైపు నాలుగు వలయాలను కలిపే కూడలి గుర్తు. ఇవి శాతవాహనుల ఆనవాళ్లు. అయితే కృష్ణాతీరంలో దొరికే శాతవాహన నాణేల్లో సీసానివే ఎక్కువ. నీటి తూకంలో 11 దగ్గర వస్తే అది రాగి కాదు, అంతమాత్రాన పారేయాల్సినదీ కాదు. ఇలాంటిది చేతికొస్తే ధర మాట పక్కన పెట్టి ముందు పదకొండో అంచె చదవండి.

నాగరి అక్షరాలతో, ఎద్దు లేదా ఏనుగు లేదా గరుడుడితో మందంగా, చిన్నగా, మూడు నాలుగు గ్రాములు ఉన్నవి విజయనగర కాసులు. రాజు పేరు చదవగలిగితేనే ధర పెరుగుతుంది.

7. నకిలీని పట్టుకోవడం

ఒక రకం ముందే తేల్చేద్దాం. రామ పట్టాభిషేకం, హనుమంతుడు, వినాయకుడు, తామరపువ్వు ఒకవైపు, "వన్ అణా", "టూ అణా", "ఈస్ట్ ఇండియా కంపెనీ 1818" రెండో వైపు. 1616, 1717 అని కూడా ఉంటాయి. ఇవేవీ కంపెనీ నాణేలు కావు. కంపెనీ దేవుళ్ల బొమ్మలతో అణాలు వేయలేదు. 1835 నాటి ఏకరీతి నాణేల్లో రాగిలో అన్నిటికన్నా పెద్దది అర్ధణా. అంటే "రాగి వన్ అణా 1818" అనే మాటే పొసగదు. పూజలో పెట్టుకోండి, కొనకండి, అమ్మచూపకండి.

మిగతా వాటిలో చూడాల్సినవి:

- అంచు చుట్టూ సన్నటి కుట్టులాంటి గీత: పోత నాణెం. అసలువి అచ్చుతో కొట్టినవి.
- ఉపరితలం మీద సూదిమొనలంత గుంటలు, బుడగలు: ఇదీ పోతే.
- అక్షరాల అంచులు సబ్బుబిళ్ల మీద రాతలా మొద్దుబారి ఉండటం. అరిగితే ఎత్తయిన చోట్లే అరుగుతుంది. పోతలో పల్లంలోనూ మొద్దుగానే ఉంటుంది.
- రెండు నాణేల మీద ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు: రెండూ ఒకే అచ్చులోంచి పోసినవి.
- పల్లాల్లో మాత్రమే నల్లరంగు, వేలితో రుద్దితే వచ్చేయడం.

చేత్తో కొట్టిన పాత నాణెం బొమ్మ పక్కకు జరిగి ఉంటుంది, అంచు పగిలి ఉంటుంది. అది లోపం కాదు, దాని పుట్టుక లక్షణం. కొత్తగా చూసేవారు సరిగ్గా దీన్నే నకిలీ అనుకుని, గుండ్రంగా చక్కగా ఉన్న పోత నాణేన్ని అసలుది అనుకుంటారు.

8. స్థితి నిర్ణయం

పక్కవెలుతురులో, భూతద్దంతో, ఎత్తయిన చోట్లు చూడండి. విక్టోరియాకు జడ, కిరీటం, జాకెట్టు మీది పూలు. జార్జిలకు కిరీటం రత్నాలు, చెవి, మెడలోని హారం.

- గుడ్: ఆకారం, సంవత్సరం మాత్రమే తెలుస్తాయి
- ఫైన్: అక్షరాలన్నీ స్పష్టం, జుట్టు చదునైపోయింది
- వెరీ ఫైన్: జుట్టు పాయలు సగానికి పైగా విడివిడిగా ఉన్నాయి
- ఎక్స్‌ట్రా ఫైన్: ఎత్తయిన కొనలు మాత్రమే కాస్త అరిగాయి
- అన్‌సర్క్యులేటెడ్: అరుగుదల లేదు, ఎక్కడో మొదటి ఎర్రరంగు మిగిలి ఉంటుంది

బొమ్మకూ బొరుసుకూ విడిగా వేసి, తక్కువదాన్నే నాణెం స్థితిగా తీసుకోండి. సొంత నాణేన్ని అందరూ ఒక మెట్టు పైన వేసుకుంటారు. సందేహంగా ఉంటే కింది మెట్టే రాయండి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే లోపం రంధ్రం. పిల్లల మొలతాడుకో, మెడలో దండకో గుచ్చడానికి వేసింది. చిల్లి కాణీకి పుట్టుకతో ఉన్న రంధ్రం వేరు, ఇది వేరు. రంధ్రం, కాడ అతికిన మచ్చ, అంచు అరగదీయడం ఉంటే స్థితి ఎంత బాగున్నా ధర బాగా పడిపోతుంది. రంధ్రాన్ని రాగితో పూడ్పించడం ఇంకా చెడ్డ పని, అది మోసం కింద లెక్క.

9. మురికి, చిలుము: ఎంతవరకు ముట్టుకోవచ్చు

పసుపు, కుంకుమ, విభూతి, నూనె అంటుకున్నవి ఇంట్లో ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టండి, నీళ్లు మార్చి మరో రోజు ఉంచండి. తీసి నూలుగుడ్డ మీద పెట్టి ఒత్తండి, రుద్దకండి. నూనె జిడ్డు వదలకపోతే అసిటోన్‌లో పది నిమిషాలు. గాజు గిన్నెలో, ఆరుబయట, పొయ్యికీ దీపానికీ దూరంగా. గోళ్లరంగు తుడిచే ద్రవం అసిటోన్‌కు బదులు కాదు, దాంట్లో నూనెలు, రంగులు కలుస్తాయి. కొళాయి నీళ్లు వద్దు, అందులోని క్లోరిన్, ఉప్పు రాగికి శత్రువులు.

పల్లాల్లో ఇరుక్కున్న మట్టిని తడిలోనే వెదురు పుల్లతో లాగండి. సూది, పిన్ను, ఇనపబ్రష్ వాడకండి.

చిలుము రెండు రకాలు. పుల్లతో గోకితే రాని గట్టి పచ్చపొర ప్రమాదం కాదు, వదిలేయండి. లేత ఆకుపచ్చగా సున్నపు పొడిలా రాలేది వేరు. అది క్లోరైడు తినడం. గాలిలో తేమ ఉన్నంతకాలం లోపలికి తొలుస్తూనే ఉంటుంది. మచిలీపట్నం, బాపట్ల వైపు సముద్రగాలి తగిలిన ఇళ్లలో ఇది ఎక్కువ.

దానికి చేయాల్సింది:

1. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి.
2. పొడిని వెదురు పుల్లతో నెమ్మదిగా రాల్చండి.
3. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రోజూ నీళ్లు మారుస్తూ రెండు వారాలు ఉంచండి.
4. అసిటోన్‌లో ఒకసారి ముంచి తీసి పూర్తిగా ఆరనివ్వండి.
5. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో నెలరోజులు పెట్టి చూడండి. పచ్చపొడి మళ్లీ వస్తే మూడో మెట్టు నుంచి మళ్లీ చేయండి.

రెండుసార్లకూ తగ్గకపోతే, నాణెం విలువైనదైతే, లోహవస్తువులను భద్రపరిచే నిపుణులకే అప్పగించండి.

10. వెల కట్టడం

నాణెం వయసుకూ ధరకూ నేరుగా సంబంధం లేదు. రెండు వందల ఏళ్ల నాటిది వంద రూపాయలకు దొరకొచ్చు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కోరుకుంటున్నారు, ఏ స్థితిలో ఉంది, ఈ మూడే ధర.

అట్టడుగు ధర లోహం. కిలో రాగికి 6.48 గ్రాముల కాణీలు 154 తూగుతాయి. ఆ రోజు రాగి ధరను 154తో భాగిస్తే ఒక కాణీలో లోహం ఎంతో తెలుస్తుంది. పాత సామాన్ల కొట్లో తూకానికి ఇస్తే వచ్చేది అంతకన్నా తక్కువే.

పైన ధర కోసం:

1. నాణెం రకం, సంవత్సరం, టంకశాల, స్థితి ఒక వాక్యంలో రాయండి.
2. న్యూమిస్టా లాంటి ఉచిత ఆన్‌లైన్ జాబితాలో ఫోటోతో పోల్చి రకం నిర్ధారించుకోండి.
3. జరిగిపోయిన వేలాల్లో అమ్ముడైన ధరలు చూడండి. ముంబయి టోడీవాలా, బెంగళూరు మరుధర్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు అందుబాటులో ఉంటాయి. అడుగుతున్న ధర వేరు, అమ్ముడైన ధర వేరు. రెండోదే లెక్క.
4. ఒకే రకం, ఒకే స్థితిలో కనీసం అయిదు అమ్మకాలు దొరికేవరకు వెతకండి.
5. వాటిని చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి మధ్యలోది తీసుకోండి. లెక్క కోసం 40, 45, 50, 60, 300 అనుకుంటే, మీ నాణెం ధర 50. సగటు తీస్తే 99 వస్తుంది, అది తప్పుదారి. 300కి పోయినది ఎందుకు పోయిందో ఫోటోలో చూడండి, ఎక్కువగా అది ఒక మెట్టు పై స్థితిలో ఉంటుంది.
6. తోమినది, రంధ్రమున్నది, గుల్లబారినది అయితే అలాంటివాటి అమ్మకాలతోనే పోల్చండి.

వాడి అరిగిన అయిదో, ఆరో జార్జి కాణీలు, చిల్లి కాణీలు, నయా పైసలు మామూలుగా పదుల రూపాయల్లోనే ఉంటాయి. ఇది నిరాశ కలిగించే మాటే, కానీ ముందే తెలిస్తే మోసపోరు. ఇత్తడి రంగులో తామరపువ్వు ఉన్న 20 పైసల్లో బంగారం కలిసిందన్న మాటకు ఆధారం లేదు.

అమ్మేటప్పుడు కొట్టువాళ్లు మార్కెట్ ధరలో సగం నుంచి ముప్పాతిక దాకా ఇస్తామంటే అది అన్యాయం కాదు. వాళ్లు పెట్టుబడి పెట్టి నెలల తరబడి ఉంచుకోవాలి. కనీసం ముగ్గురిని అడగండి, మొత్తం మూట ఎవరి దగ్గరా వదిలి రాకండి. వేలానికి పంపితే కమీషన్, పన్ను పోగా మిగిలేది లెక్కేసుకోండి. చిన్న నాణేలకు అది గిట్టదు.

ఎదురయ్యే మోసాలు రెండు. ఒకటి, "మీ నాణెం లక్షలకు కొంటాం, ముందు పన్ను, కమీషన్ కట్టండి" అనే ఫోను. రిజర్వు బ్యాంకు పేరు వాడుకునే ఇలాంటి వాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తాము ఇలాంటి వ్యవహారాలు చేయమనీ, రుసుములు అడగమనీ చెప్పింది. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. రెండోది రైస్ పుల్లర్. బియ్యపు గింజలను లాగే రాగి నాణెం, రాగి చెంబు కోట్లు పలుకుతుందని చెప్పి పరీక్ష ఖర్చుల పేరిట గుంజుతారు. రాగికి బియ్యాన్ని లాగే గుణం లేదు. ఫోను పెట్టేసి పోలీసులకు చెప్పండి.

11. నేలలో దొరికితే

ఇంట్లో తాతల నుంచి వచ్చినది వేరు, పొలం దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే దొరికినది వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏదైనా కలెక్టరుకు తెలియజేయాలి. అమరావతి, ధరణికోట పరిసరాల్లో దొరికితే పల్నాడు జిల్లా కలెక్టరు, విజయవాడ అయితే ఎన్టీఆర్ జిల్లా కలెక్టరు. రక్షిత స్థలాల్లో ఏరుకోవడం నేరం.

దొరికిన చోటు ఫోటో తీయండి, లోతు, పక్కన ఏమున్నాయో రాయండి. కడగకండి, విడదీయకండి. కుండతో దొరికితే కుండతోనే ఉంచండి. నాణెం ఏ మట్టిపొరలో, దేని పక్కన ఉందన్నది చరిత్రకారులకు నాణెం కన్నా ఎక్కువ చెబుతుంది.

వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి. 1972 చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు సామాన్లలో సర్దేముందు ఇది గుర్తుంచుకోండి.

పోల్చి చూడటానికి విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, గుంటూరులోని బౌద్ధశ్రీ మ్యూజియం వెళ్లండి. మ్యూజియంవాళ్లు ధర చెప్పరు, అడగకండి.

12. దాచడం

మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ ఆల్బమ్‌లు పీవీసీతో చేసినవి. రెండు మూడేళ్లలో నాణేనికి పచ్చటి జిగట అంటిస్తాయి. గట్టి పారదర్శక మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడండి. స్టేప్లర్ పిన్నుల కొనలను కటింగ్ ప్లేయరుతో చదును చేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక ముక్కలు, కలరా ఉండలు దగ్గర పెట్టకండి.

హోల్డర్లను మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఎండబెట్టాలో అదే చెబుతుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి తెరిచి చూడండి. వంటగది గోడకు ఆనిన బీరువా వద్దు.

హోల్డరు మీద నంబరు, రకం, సంవత్సరం, తూకం, వెడల్పు, స్థితి, ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు రాశారు అన్నవి ఉండాలి. అవే వివరాలు నోటు పుస్తకంలోనూ, రెండు వైపుల ఫోటోలు ఫోనులోనే కాక మరో చోట కూడా ఉంచండి.